పార్కులో డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోలు అలా ఎందుకొస్తాయి, ఇప్పుడు వాటినేం చేయాలి

తర్వాత చదివేవాళ్ళ కోసం ముందు మీ సంగతి క్లుప్తంగా చెప్తాను. థీమ్ పార్కుకి ఎనిమిది మంది వెళ్ళారు: మీరు, మీ ఆయన, ఇద్దరు పిల్లలు, అత్తగారు, మామగారు, మరిది, తోడికోడలు. రోజంతా తీసే ఫోటోల ప్యాకేజీ కొన్నారు. అరవై పైచిలుకు ఫోటోలొచ్చాయి. సాయంత్రం కోట ముందు తీసినవాటిలో కోట ధగధగలాడుతోంది, మీ మొహాలు మాత్రం మసి పూసినట్టున్నాయి. ఒకదాంట్లో మామగారు కళ్ళు మూసేశారు, ఇంకోదాంట్లో చివర నిలబడ్డ తోడికోడలు ఉన్నదానికంటే లావుగా కనిపిస్తున్నారు. ఫ్రేము కట్టించుకుందామని తీసుకున్న పెద్ద ప్రింటులో అందరి పాదాలూ తెగిపోయాయి. రోలర్ కోస్టర్ ఫోటోలో ముందు సీటువాళ్ళ చేతులు తప్ప ఏమీ లేవు. పచ్చ తెర ముందు తీసి డైనోసార్ని అతికించిన ఫోటో అతికినట్టే లేదు. ఫిర్యాదు చేస్తే 'మా ప్రమాణాల ప్రకారమే ఉన్నాయి' అని ఒక్క ముక్క రాసి పంపారు. 'మా ఫోన్లో తీసుకున్నవే నయం, వీళ్ళెక్కడి ప్రొఫెషనల్స్' అని మీరు రాసి, కొన్ని ఫోటోలు కూడా పంపారు.

నేను ఇలాంటి పార్కుల్లో తొమ్మిదేళ్ళు కెమెరా పట్టుకున్నాను. తర్వాత మూడేళ్ళు ఫోటో కౌంటర్లో కూర్చుని సరిగ్గా మీలాంటివాళ్ళతో మాటలు పడ్డాను. మీ కోపం న్యాయమైనదే. అయితే మీరు చెప్పినవాటిలో కొన్ని వాళ్ళ తప్పులు, ఒకటి అసలు తప్పే కాదు, ఒకటి ఇప్పటికీ సరిచేసుకోవచ్చు. వాటిని విడదీయకుండా అన్నీ కలిపి ఉత్తరం రాస్తే మీకొచ్చినలాంటి జవాబే వస్తుంది.

ముందు ఆ 'ప్రొఫెషనల్' అన్న మాట సంగతి. కోట ముందు నిలబడ్డ కుర్రాడు ఫోటోగ్రఫీ చదువుకున్నవాడు కావచ్చు, కాకపోవచ్చు. సీజన్‌కి తీసుకుని, రెండు మూడు రోజులు నేర్పి నిలబెట్టే చోట్లు చాలా ఉన్నాయి. కెమెరా సెట్టింగులు పొద్దున ఎవరో పెట్టిస్తారు, చాలాచోట్ల వాటిని మార్చే అనుమతి కూడా ఉండదు. నేల మీద ఒక గుర్తు ఉంటుంది, దాని మీద నిలబడి తీయాలి. సాయంత్రానికి లెక్క చెప్పాలి. నా మొదటి సీజన్లో ఒకసారి లోపలి హాల్లో తీసి బయటికొస్తూ వైట్ బ్యాలెన్స్, అంటే వెలుగు రంగుకి తగ్గట్టు కెమెరాని సర్దే సెట్టింగు, మార్చడం మర్చిపోయాను. బల్బు వెలుగుకి పెట్టింది అలాగే ఉండిపోయింది. మధ్యాహ్నం దాకా తీసినవాళ్ళందరూ నీలంగా వచ్చారు, చలికి బిగుసుకుపోయినట్టు. భయపడుతూ వెళ్ళి చెప్తే మా సూపర్‌వైజర్ అడిగింది ఒక్కటే: 'ఇవాళ ఎన్ని కుటుంబాలు?' నీలం గురించి మాటే లేదు. ఇంకో రోజు లెక్క తగ్గినందుకు మాత్రం అరగంట క్లాసు పీకాడు. ఆ ఉద్యోగం అలాంటిది. ఎనిమిది మందీ ఒకే ఫ్రేములో ఉండడానికీ, మంచి చోటు వెతుక్కునే పని లేకపోవడానికీ మీరు డబ్బిచ్చారు. వెలుగు చూసి, మొహాలు చూసి తీసే మనిషి ఆ ధరలో ఉండడు.

ఇప్పుడు ఆ నల్లటి మొహాలు. నాకొచ్చిన ఫిర్యాదుల్లో సగానికి సగం ఇవే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఫోటో తీసే చోటుని కోట మొత్తం ఫ్రేములో పట్టేలా ఎంచుతారు. కోట తూర్పు మొహంగా ఉందనుకోండి. పొద్దున సూర్యుడు ఫోటోగ్రాఫర్ వీపు వెనక ఉంటాడు. కోటా, మీరూ ఇద్దరూ వెలుగులో ఉంటారు. కళ్ళు చికిలించాల్సి వస్తుందిగానీ ఫోటో బాగుంటుంది. సాయంత్రం నాలుగింటికి సూర్యుడు కోట వెనక్కి వెళ్ళిపోతాడు. నేల మీద గుర్తు మాత్రం అక్కడే ఉంటుంది. అప్పుడు మీ వెనక ఆకాశం భగభగమంటుంటే మొహాలు నీడలో పడతాయి. ఆటోలో ఉన్న కెమెరా ఫ్రేములోని వెలుగునంతా కలిపి ఒక మధ్యరకం బూడిదరంగుకి తేవాలని చూస్తుంది. ఆకాశం ఎక్కువుంటే మొత్తం తగ్గించేస్తుంది, దాంతోపాటు మొహాలు మునిగిపోతాయి. చామనఛాయ, నలుపు ఛాయవాళ్ళకి ఈ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. ఈ రోగం పాతదే. ఫిల్ము రోజుల్లో ప్రింటు రంగులు సరిచూసుకోవడానికి ల్యాబుల్లో 'షర్లీ కార్డు' అని ఒకటి ఉండేది. చాలా ఏళ్ళపాటు దాని మీద ఉన్నది తెల్లజాతి అమ్మాయి బొమ్మే. ఆమె చర్మం సరిగ్గా వస్తే యంత్రం సరిగ్గా ఉన్నట్టు లెక్క. మిగతావాళ్ళు ఎలా వస్తే అలా.

దీనికి మందు ఫ్లాష్. వాళ్ళ దగ్గర ఫ్లాష్ ఉంది, మీ ఫోటోల్లో అది వెలిగింది కూడా, మరి ఎందుకు సరిపోలేదు? ఫ్లాష్ వెలుగు దూరం రెట్టింపైతే సగం కాదు, పావు వంతుకి పడిపోతుంది. రెండు మీటర్ల దూరంలో ఉన్న జంటకి సరిపోయేలా పెట్టిన ఫ్లాష్, ఎనిమిది మంది పట్టడానికి ఫోటోగ్రాఫర్ నాలుగు మీటర్ల దూరానికి వెనక్కి జరిగేసరికి పావు వంతే అందుతుంది. దాని పవర్ పెంచాలి. పవర్ పూర్తిగా పెంచితే ఒకసారి వెలిగాక మళ్ళీ నిండడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. ఈలోపు అతను టకటకా ఇంకో రెండు నొక్కేస్తాడు. మీ కోట ఫోటోలు వరుసగా పెట్టి చూడండి. ప్రతి గుంపులో మొదటిదాంట్లో మొహాలు కాస్త వెలుగ్గా ఉండి, రెండోది మూడోది చీకటిగా ఉంటే కారణం ఇదే. దీన్ని అభిరుచి తేడా అని తప్పించుకోలేరు, ఇది సాంకేతిక లోపం. ఉత్తరంలో సరిగ్గా ఈ మాటే వాడండి.

ఫోన్ నయం అన్నారే, అది నిజమే. దానికీ కారణముంది. ఈ రోజుల్లో ఫోను మీరొకసారి నొక్కితే లోపల వరుసగా కొన్ని ఫోటోలు తీసి, చీకటిదీ వెలుగుదీ కలిపి, మొహాన్ని గుర్తుపట్టి పైకి లేపి ఇస్తుంది. ఆ పెద్ద కెమెరా ఒక్కసారే తీస్తుంది, తీసింది తీసినట్టే సర్వర్‌కి వెళ్ళిపోతుంది. మధ్యలో మనిషి చెయ్యి పడాలి. పార్కులో ఆ మనిషి ఉండడు.

మామగారి కళ్ళ సంగతికొస్తే ఇది ఎవరి తప్పూ కాదు, లెక్క. ఆస్ట్రేలియాలో సీఎస్ఐఆర్ఓ అనే పరిశోధన సంస్థలో ఇద్దరు కూర్చుని, గుంపులో ఒక్కరూ కళ్ళు మూయకుండా ఉండాలంటే ఎన్ని ఫోటోలు తీయాలో లెక్క కట్టారు. నవ్వులాటగా ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 2006లో గణితానికి వాళ్ళకే వచ్చింది. ఇరవై మంది లోపు గుంపైతే, వెలుగు బాగుంటే మందిని మూడుతో భాగించండి, బాగోకపోతే రెండుతో. అంటే ఎనిమిది మందికి మంచి వెలుగులో మూడు, మందమైన వెలుగులో నాలుగు. మీకు తీసింది రెండు మూడేసి. ఇంకో రెండు తీయమని అడిగితే ఎవరూ కాదనరు, కాకపోతే అడిగేవాళ్ళు ఉండరు. వెనక లైన్లో జనం చూస్తుంటారని మొహమాటం.

తోడికోడలు లావుగా కనిపించడం లెన్సు పని. తక్కువ దూరంలో ఎక్కువమందిని పట్టించాలని వైడ్ లెన్సుతో తీస్తే అంచుల్లో ఉన్నవాళ్ళు పక్కకి సాగుతారు. మధ్యలో ఉన్నవాళ్ళకి ఏమీ కాదు. ఆవిడకి ఈ ముక్క తప్పకుండా చెప్పండి.

పాదాలు తెగిన ప్రింటు గురించి చదవగానే నాకు నవ్వొచ్చింది, ఏమనుకోకండి. మీ పాదాలు ఎక్కడికీ పోలేదు. ఆ కెమెరాలు తీసే ఫోటో 3:2 కొలతలో ఉంటుంది. మీరు కొన్నది 8×10 ప్రింటు. ఎనిమిది అంగుళాల పక్కకి సరిపోయేలా పెడితే ఇంకో పక్క పన్నెండు అంగుళాలు రావాలి. కాగితం పదే ఉంది కాబట్టి రెండు అంగుళాలు, అంటే ఆరో వంతు, ఎక్కడో అక్కడ తెగాలి. కౌంటర్లో ఉన్నవాళ్ళు కోట శిఖరం పోకూడదని పైభాగం ఉంచి కింద కోసేశారు. డౌన్‌లోడ్ చేసిన ఫైలు తెరిచి చూడండి, చెప్పులతో సహా ఉంటాయి. దాన్ని 8×12 ప్రింటు వేయించుకుంటే సరి. ఆ పాత ప్రింటు మాత్రం తిరిగి తీసుకోమనే హక్కు మీకుందని నా అభిప్రాయం, ఎందుకంటే ఏది కోస్తున్నారో ముందు చూపించి అడగడం వాళ్ళ పని.

రైడ్ ఫోటోకి ఫోటోగ్రాఫర్ ఉండడు. పట్టాల పక్కన ఒక సెన్సర్ ఉంటుంది, బండి దాన్ని దాటగానే కెమెరా క్లిక్‌మంటుంది. గంటకి 72 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 20 మీటర్లు. టైమింగ్ సెకనులో ఇరవయ్యో వంతు తప్పితే బండి ఒక మీటరు ముందుకి వెళ్ళిపోతుంది, అంటే మీ సీటుకి బదులు వెనక సీటు వస్తుంది. పైగా బండి రోజంతా ఒకే వేగంతో పోదు. పొద్దున చక్రాలు చల్లగా ఉన్నప్పుడు నెమ్మది, మధ్యాహ్నానికి వేడెక్కి జోరు. నిండుగా మనుషులున్న బండి ఖాళీ బండికంటే వేగంగా పోతుంది. మంచి చోట్ల దీన్ని గమనించి సర్దుతుంటారు, మిగతా చోట్ల సీజన్ మొదట్లో పెట్టిందే. కెమెరా ఎదురుగా ఎత్తులో ఉంటుంది కాబట్టి మీ ముందు సీటులో చేతులెత్తినవాళ్ళుంటే మీరు కనిపించరు. దానికి ఎవరినీ అనలేం. కానీ ఫోటోలో మీ సీటే లేకపోతే, లేదా మొత్తం చీకటైతే, అది డబ్బు వాపసుకి అర్హమైన ఫోటో. ఇంకో మాట: కొన్నిచోట్ల ఒక బండికి రెండు మూడు ఫోటోలు పడతాయి, స్క్రీన్ మీద ఒకటే కనిపిస్తుంది. 'పక్క వరుస ఫ్రేము చూపించండి' అని అడగండి.

పచ్చ తెర ముందు తీసి డైనోసార్ అతికించినదాని గురించి రెండే మాటలు. జుట్టు అంచుల్లో కనిపించే పచ్చదనం తెర నుంచి మీ మీద పడ్డ వెలుగు, అది పూర్తిగా పోవడం కష్టం. డైనోసార్ మీద వెలుగు ఎడమ నుంచీ, మీ మీద కుడి నుంచీ ఉంటే ఎంత అతికించినా అతకదు. వదిలేయండి.

ఇక ఉత్తరం. నేను కౌంటర్లో ఉన్నప్పుడు 'ఫోటోలన్నీ చెత్త, డబ్బులు వెనక్కివ్వండి' అని వచ్చిన మెయిల్‌కి మాకు ముందే రాసిపెట్టిన జవాబు ఒకటుండేది. మీకొచ్చింది దాని తోబుట్టువే. మా చేత పని చేయించిన మెయిల్ ఎలా ఉండేదంటే, ఫైలు నంబరు, తీసిన చోటు, సమయం, ఒక్క మాటలో లోపం, అంతే. 'ఫలానా నంబరు, కోట, 4:20, ఫ్లాష్ వెలగలేదు, మొహాలు చీకటి.' ఇలాంటి వరుసలు పది ఉంటే, వాటిని తెరిచి చూడక తప్పేది కాదు. చూశాక కాదనలేకపోయేవాళ్ళం. కళ్ళు మూసుకున్నవీ, తోడికోడలు ఫోటో, డైనోసార్ ఆ జాబితాలో పెట్టకండి. బలహీనమైన ఒక్క ఫిర్యాదు చాలు, దాని మీదే వాదన పెట్టుకుని మిగతావన్నీ పక్కన పెట్టేస్తారు.

ఏం కావాలో కూడా మీరే చెప్పండి. మొదట, చీకటిగా ఉన్నవాటిని వాళ్ళ దగ్గరున్న ఒరిజినల్ నుంచి సరిచేసి ఇవ్వమనండి. రెండోది, మీ ఖాతాలో చేరని ఫ్రేములు వెతకమనండి. ఫోటోని మీ ఖాతాకి కలిపే స్కాన్ సరిగ్గా పడక ఫోటోలు గాలిలో ఉండిపోవడం రోజూ జరిగేదే. చోటు, సుమారు సమయం, ఎవరు ఏ రంగు బట్టలు వేసుకున్నారో రాస్తే దొరుకుతాయి. ఎర్ర చీర కట్టుకున్న పెద్దావిడ అంటే మాకు రెండు నిమిషాల పని, 'నీలం జీన్సు' అంటే సాయంత్రం దాకా. మూడోది, సరిచేయలేనివాటి మేరకు డబ్బు వాపసు. మొత్తం ప్యాకేజీ వాపసు అడిగితే ఇవ్వడం కష్టం, ఎందుకంటే మీరు ఫైళ్ళు దించుకునే ఉంటారు. కొంత భాగం అడిగితే చాలాసార్లు అక్కడున్న మేనేజరే ఇచ్చేయగలడు, పైకి పంపే పని ఉండదు.

ఇంకొకటి, బిల్లు మీద ఎవరి పేరుందో చూసుకోండి. చాలా పార్కుల్లో ఫోటోల వ్యాపారం వేరే కాంట్రాక్టు సంస్థది. పార్కు వాళ్ళకి రాస్తే వాళ్ళు సానుభూతి చూపించి ఊరుకుంటారు, వాపసు ఇచ్చే బటను వాళ్ళ చేతిలో ఉండదు.

ఈలోగా ఇంట్లో మీరు చేసుకోగలిగింది చాలా ఉంది. చీకటి మొహాలు చాలావరకు బతుకుతాయి. ఆకాశం తెల్లగా మాడిపోయి ఉంటే అది తిరిగి రాదు, అక్కడ ఫైలులో సమాచారమే లేదు. నీడలో మాత్రం ఉంటుంది. ఫోన్లో స్నాప్‌సీడ్ లాంటి ఏ యాప్‌లోనైనా 'షాడోస్' మాత్రమే పెంచండి, 'బ్రైట్‌నెస్' ముట్టుకోకండి, అది కోటని కూడా మాడ్చేస్తుంది. మొహాలు పైకి రాగానే కాస్త బూడిదగా, రోగిష్టిగా కనిపిస్తాయి, అప్పుడు 'వార్మ్‌త్' కొంచెం పెంచండి. బుగ్గల మీద ఇసక చల్లినట్టు చుక్కలు కనిపించడం మొదలైతే రెండు మెట్లు వెనక్కి రండి. మీకిచ్చే కుదించిన ఫైలు (జేపెగ్) అంతకుమించి ఇవ్వదు. వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకున్న కాపీల మీద ఈ పని చేయకండి, అవి అప్పటికే నలిగి ఉంటాయి. పంపాలంటే డాక్యుమెంటుగా పంపండి. మామగారి కళ్ళు అదే గుంపులో ఇంకో ఫ్రేము నుంచి తెచ్చి అతికించొచ్చు, ఏ స్టూడియోలోనైనా చేస్తారు. మసకబారిన మొహాన్ని ఏఐ యాప్‌తో పదును పెట్టించకండి. కళ్ళు, పళ్ళు చక్కగా వస్తాయి, కానీ అవి మీ అబ్బాయివి కావు, ఎవరో పిల్లాడివి.

మళ్ళీ వెళ్ళినప్పుడు ఏం చేయాలని అడగలేదుగానీ, ఒక్కటి చెప్పకుండా ఉండలేను. మీరు పంపిన వాటిలో నాలుగో ఫోటో చూడండి. పాప చక్కగా కెమెరాకేసి చూస్తోంది. మిగతా ఏడుగురూ పాపకేసి చూస్తున్నారు, నోళ్ళు తెరిచి. అందరూ 'అటు చూడు, అటు చూడు' అంటున్నారు కదా! తొమ్మిదేళ్ళలో నేను తీసిన పిల్లల ఫోటోల్లో ఎక్కువ పాడైంది ఇలాగే. పిల్లని మళ్ళించే పని నాది, నా దగ్గర కీచుమనే బొమ్మ ఉండేది. పెద్దవాళ్ళు కెమెరా మీద నుంచి చూపు తిప్పకుండా ఉంటే పిల్ల ఎప్పుడో ఒక క్షణం ఇటు చూస్తుంది, ఆ క్షణం చాలు. కోట ఫోటో పొద్దునే తీయించుకోండి, చివర్లలో ఉన్నవాళ్ళు కాస్త ముందుకి జరిగి అందరూ అర్ధచంద్రంలా నిలబడండి, ఎండకి నల్లబడే కళ్ళజోడుంటే ఆ రెండు నిమిషాలు తీసేయండి. మీ ఫోన్ ఇచ్చి దాంతో కూడా ఒకటి తీయమనండి, చాలాచోట్ల తీస్తారు. మొదటి ఫోటో తీయగానే కెమెరా వెనక స్క్రీన్ చూపించమనండి. కొంతమంది విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

ఇవన్నీ తర్వాత. ఇవాళ రాత్రికి ఒక పని చేయండి. ఈ సైట్లలో ఫోటోలు కొన్ని వారాలే ఉంచుతారు, తర్వాత తుడిచేస్తారు, మీ ఫిర్యాదు నడుస్తోందని ఆగరు. మీరు వెళ్ళొచ్చి ఇప్పటికే మూడు వారాలైంది. బాగున్నవీ బాగోలేనివీ చూడకుండా అన్నీ పెద్ద సైజులో దించి రెండుచోట్ల పెట్టుకోండి. ఆ నాలుగోది కూడా.